ఆ మూడు సెమిస్టర్లు

మంగళవారం పొద్దున ఆరింటికల్లా ఫర్టాడో వాళ్ళ వంటింట్లో ఇస్త్రీపెట్టె వేడెక్కింది. నటేర్సియా కూతురి తెల్లచొక్కాను బల్ల మీద పరిచి, కాలరు మీద నీళ్ళు చిలకరించి, అప్పటికి రెండోసారి రుద్దుతోంది. చెయ్యి చొక్కా మీదున్నా చెవి మాత్రం రేడియో మీదుంది. సముద్రపు వాతావరణం చదువుతున్నారు. గాలి ఈశాన్యం నుంచి, అలలు పన్నెండు అడుగులు, సాయంత్రానికి ఇంకా పెరగవచ్చు.

ఆమె భర్త గ్వాల్టేర్, ‘ఎస్ట్రేలా’ అనే పడవలో ఆల్చిప్పల వేటకు వెళ్ళి పదకొండు రోజులైంది. రేపు సాయంత్రానికి న్యూ బెడ్‌ఫర్డ్ రేవుకు తిరిగి రావాలి.

“ఆ చొక్కాకి ఇంకెంత ఇస్త్రీ చేస్తావే? మాడిపోతుంది,” అంది అత్తగారు దియోలిందా, కిటికీ పక్క కుర్చీలో జపమాల తిప్పుకుంటూ. ఆ ఇంట్లో అందరూ ఆవిడను వావో అంటారు. వాళ్ళ పోర్చుగల్ దీవుల మాటలో నానమ్మ అని. “పిల్ల తెలివి చూసి సీటిస్తారు గానీ చొక్కా మడతలు చూసి ఇస్తారా?”

“నిరుడు పద్దెనిమిది కాలేజీలు దాని తెలివి చూడనే లేదు కదత్తయ్యా. ఈసారి చొక్కా అయినా చూడనీ.”

గుమ్మంలో నిలబడి ఆ మాట విన్న ఒడీలియాకు నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆసుపత్రిలో రోగుల చేతుల నుంచి పరీక్షలకు రక్తం తీసే ఉద్యోగం. నీలం రంగు యూనిఫాం వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, తలుపుకు ఆనుకుని నిలబడింది. శుక్రవారం పదింటికి బోస్టన్‌లో మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ. రెండేళ్ళ ప్రయత్నంలో వచ్చిన ఒకే ఒక్క పిలుపు. అది వచ్చిన రోజు నుంచీ ఆ పిల్లకు అన్నపానాలు సయించడం లేదు.

“రా, కూర్చో. నిన్ననే చేసిన తీపిరొట్టె. రెండు ముక్కలైనా తిను,” అంది తల్లి.

“ఆకలిగా లేదమ్మా.”

“ఆకలి లేకపోవడమేంటే? నీకేం భయం? నాలుగేళ్ళుగా ఒక్క సబ్జెక్టులో కూడా ‘ఎ’ తప్ప ఇంకోటి తెచ్చుకోలేదు. చర్చిలో ఫాదర్ కూడా నీ పేరు చెబుతున్నాడు. మీ నాన్నయితే రేవులో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు.”

 ఒడీలియా కాఫీ రెండు గుక్కలు తాగి, “టైమైంది,” అని కోటు తగిలించుకుని మెట్లు దిగిపోయింది. ఇంటర్వ్యూ కోసం చదువుకుంటున్న కాగితాల ఫైలు బల్ల మీదే ఉండిపోయింది. ఆ సంగతి ఆమెకు ఆసుపత్రి చేరాక గుర్తొచ్చింది. అమ్మ ఏడింటికల్లా చేపల ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది, సాయంత్రం దాకా రాదు అని మనసుకు సర్దిచెప్పుకుంది. అయినా ఆ రోజు మొదటి రోగికి సూది పెట్టేటప్పుడు వేళ్ళు చల్లగా ఉన్నాయని ఆయనే అన్నాడు.

ఆమె భయం ఇంటర్వ్యూ గురించి మాత్రమే అయితే ఆ ఇంట్లో అందరితో పంచుకునేదే. అసలు భయం ఆ ఫైలులో ఉంది.

పద్దెనిమిదేళ్ళప్పుడు, హైస్కూల్లో అందరికంటే ముందు నిలిచిన ఒడీలియా రాష్ట్రానికి అటు చివరున్న పెద్ద కాలేజీలో చేరింది. ఏడాదిన్నర తర్వాత పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేసి, “మన ఊరి కాలేజీలోనే బయాలజీ బాగా చెబుతారట,” అంది. అమ్మానాన్నలు నమ్మారు. నమ్మకపోవడానికి వాళ్ళకేం తెలుసు? ఇద్దరూ పోర్చుగల్ దీవుల నుంచి పెద్దయ్యాక వచ్చినవాళ్ళు. హైస్కూలు దాటి చదవలేదు. ఆ మూడు సెమిస్టర్లలో కూతురు అయిదు సబ్జెక్టులు తప్పిందనీ, మిగిలినవి అత్తెసరుగా గట్టెక్కిందనీ, బయటికి పొమ్మని ఉత్తరం వస్తుందని తెలిసి తనే ముందుగా వచ్చేసిందనీ వాళ్ళకు ఈనాటికీ తెలియదు.

తర్వాత ఊరి కాలేజీలో ఉద్యోగం చేసుకుంటూనే మళ్ళీ మొదటి నుంచి చదివింది. తప్పిన కెమిస్ట్రీని రెండోసారి చదివి మంచి మార్కులు తెచ్చుకుంది. మెడికల్ ప్రవేశ పరీక్షలో కూడా తలెత్తుకునే మార్కులే వచ్చాయి. కానీ దరఖాస్తులో పాత మార్కులు చెరిగిపోవు. కొత్తవాటి పక్కనే కూర్చుని సగటును కిందికి లాగుతాయి. నిరుడు ఆ మూడు సెమిస్టర్ల గురించి ఒక్క ముక్క కూడా రాయకుండా దరఖాస్తులు పెడితే పద్దెనిమిది చోట్ల నుంచీ తిరస్కారమే వచ్చింది.

“కారణం రాయాలమ్మా,” అన్నాడు కాలేజీలో సలహాదారు. “నువ్వు రాయకపోతే వాళ్ళే ఏదో ఒకటి ఊహించుకుంటారు.”

రాయడానికి కూర్చుంటే చెప్పుకోదగ్గ కారణమే లేదు. అప్పుడు ఒక కారణాన్ని వెతుక్కుంది. తను కాలేజీలో చేరిన ఏడాది అక్టోబరులో, పడవలో వల లాగే యంత్రం నాన్న ఎడమచేతి రెండు వేళ్ళను తీసుకుపోయింది. అంతవరకూ నిజమే. గ్వాల్టేర్ ఆరు వారాల్లో మళ్ళీ పడవెక్కాడు. ఒడీలియా మాత్రం నాన్న ఏడాదిపాటు మంచం పట్టాడనీ, తల్లి కుంగిపోయిందనీ, ప్రతి వారం ఇంటికొచ్చి సంసారం తనే ఈదాననీ, అందుకే చదువు దెబ్బతిన్నదనీ రాసింది. పంపిన మూడు నెలలకు ఈ పిలుపు వచ్చింది.

మధ్యాహ్నం మూడున్నరకు ఇంటి తలుపు తీసేసరికి అమ్మ వంటింట్లో కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ రబ్బరుబూట్లు గుమ్మం దగ్గర పొడిగా ఉన్నాయి. పనికి వెళ్ళనే లేదు. బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. 

“ఫైలు నీ సంచిలో పెడదామని తీశాను,” అంది నటేర్సియా. గొంతు మామూలుగానే ఉంది. అదే ఎక్కువ భయపెట్టింది. “మొదటి పేజీలో మీ నాన్న పేరు కనబడింది. మురిసిపోయి చదివాను.”

“అమ్మా...”

“ఆగు. నాకు ఇంగ్లీషు కొంచెం తక్కువ కదా, నువ్వే చెప్పు. మీ నాన్న ఏ ఏడాది మంచం పట్టాడు? నేను ఏ నెలలో కుంగిపోయాను? నాకు గుర్తు రావడం లేదు.”

“అమ్మా, అది అలా రాయకపోతే...”

“నువ్వు ప్రతి వారం వచ్చావా? ఆ ఏడాది నువ్వు క్రిస్మస్‌కి కూడా మూడు రోజులే వచ్చావే! మీ నాన్న చేతికి నేను కట్లు కట్టాను. వావో స్నానం చేయించింది. నువ్వేం చేశావు?” నటేర్సియా లేచి నిలబడింది. “ఈ కాగితంలో ఉన్న ‘ఎఫ్’లు ఏంటి? అయిదున్నాయి, లెక్కపెట్టాను. ఎనిమిదేళ్ళుగా ఒక్క మాట చెప్పలేదు నాకు! చెప్పకపోతే పోనీ. కానీ సముద్రం మీదున్న మనిషిని మంచం పట్టించి రాస్తావా? నోరెలా వచ్చింది? చేతులెలా ఆడాయే నీకు?”

“నేను రాసింది సెప్టెంబరులో అమ్మా. నాన్నకేం కాలేదుగా!”

“కాలేదని నీకు తెలుసా?”

 కుర్చీలో వావో జపమాల ఆపేసి గోడ మీది క్రీస్తు పటం వైపే చూస్తోంది.

“పొద్దున పదింటి నుంచి ఎస్ట్రేలాతో రేడియో అందడం లేదట,” అంది వావో మెల్లగా. “కెప్టెన్ భార్య ఫోను చేసింది.”

బుధవారం అంతా ఆ ఇల్లు ముళ్ళ మీద ఉన్నట్టు గడిచింది. గాలికి చెక్క ఇల్లు మూడంతస్తులూ కిర్రుమంటోంది. తీర రక్షకదళానికి ఫోను చేస్తే, ఎస్ట్రేలా నుంచి ఆపద సంకేతం ఏదీ రాలేదని మాత్రం చెప్పారు. అది మంచి కబురో చెడ్డ కబురో ఎవరికీ అర్థం కాలేదు. నటేర్సియా కేల్ ఆకు చారు పెద్ద గిన్నెడు కాచింది. ఎవరూ ముట్టలేదు. కూతురితో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అరిచినా బాగుండునని ఒడీలియాకు అనిపించింది.

రాతల వల్ల పడవలు మునగవని ఆమెకు తెలుసు. జీవశాస్త్రం చదువుకున్న పిల్ల. అయినా ఆసుపత్రిలో ఎవరో ముసలాయన చేతికి పట్టీ కడుతూ, ‘మా నాన్న మంచం పట్టాడు’ అనే తన వాక్యమే పదేపదే గుర్తొచ్చి, ఆ వాక్యాన్ని వెనక్కి లాక్కోవడానికి ఏం ఇమ్మన్నా ఇచ్చేద్దును అనుకుంది. సీటు ఇమ్మంటే కూడానా? ఆ ప్రశ్న తనకు తనే వేసుకుంది. నాన్న తిరిగొస్తే చాలు అనుకుంది. ఆ వెంటనే, వచ్చాక ఈ కాగితం చూస్తాడు కదా అన్న ఇంకో భయం మొదలైంది.

గురువారం పొద్దున పదకొండు గంటలకు కెప్టెన్ భార్య మళ్ళీ ఫోను చేసింది. రిసీవరు పట్టుకున్న నటేర్సియాను ఒడీలియా వెనక నుంచి పట్టుకుంది. తల్లి వదిలించుకోలేదు.

“రేవులోకి వచ్చిందట,” అంది నటేర్సియా. అంతే, నేల మీద కూలబడి బావురుమంది.

గ్వాల్టేర్ పన్నెండున్నరకు మెట్లెక్కాడు. మంచు పేరుకుని రేడియో స్తంభం విరిగిపోయిందట. రెండు రోజులు గాలికి ఎదురుగా పడవను నిలబెట్టుకోవడమే సరిపోయిందట. అంతకుమించి చెప్పలేదు. రెండు గిన్నెల చారు తాగాడు. అప్పటికి గాని బల్ల చుట్టూ ఉన్న ముఖాలు చూడలేదు.

“ఏమైంది? నేను బతికొచ్చినందుకా ఈ ఏడుపు?”

“నీ కూతుర్ని అడుగు,” అంది నటేర్సియా.

 తల్లే ఫైలు తీయబోయింది. “వద్దమ్మా, నేనే చదువుతాను,” అని ఆ పిల్ల లాక్కుంది. నిలబడే చదివింది. ఒక్కో ఇంగ్లీషు వాక్యమూ చదివి, వాళ్ళ భాషలో అర్థం చెప్పింది. ఏడాది మంచంలో ఉన్న నాన్న దగ్గరికి వచ్చేసరికి తల దించుకుంది. అయినా ఆపలేదు. గ్వాల్టేర్ తన ఎడమచేతి మూడు వేళ్ళనూ బల్ల మీద ఆనించి విన్నాడు.

“అయిదు సబ్జెక్టులు పోయాయా?” అన్నాడు చివరికి.

“ఊఁ.”

“ఎందుకు పోయాయి? నా చెయ్యి వల్ల కాదు కదా. మరెందుకు?”

“కారణం ఏమీ లేదు నాన్నా,” అంది ఒడీలియా. “అదే నా బాధ. కారణం ఉంటే రాసేదాన్నిగా! మొదటి కెమిస్ట్రీ పరీక్షలో నలభై ఒకటి వచ్చింది. అంత తక్కువ నాకెప్పుడూ రాలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వుకుంటూ తొంభైల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ తర్వాత క్లాసుకు వెళ్ళాలంటే భయం. ఒక రోజు మానేశాను. రెండో రోజు, నిన్న ఎందుకు రాలేదని అడుగుతారేమోనని భయం. వారం అయ్యాక ఇంక తలుపు కూడా తీయలేదు. అమ్మ పంపిన రొట్టె తింటూ పరదాలు వేసుకుని పడుకునేదాన్ని. పరీక్ష రోజున బట్టలు వేసుకుని, తలుపు దగ్గర దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చునేదాన్ని. జబ్బు కాదు, కష్టం కాదు. ఒట్టి భయం. అది రాస్తే నన్ను డాక్టర్ని ఎవరు చేస్తారు?”

నటేర్సియా కన్నార్పకుండా కూతుర్ని చూస్తోంది. “ఆదివారం ఆదివారం ఫోను చేసి బాగున్నానన్నావే.”

“నువ్వు అంత సంతోషంగా ఎత్తేదానివి అమ్మా. ఏం చెప్పమంటావు?”

 గ్వాల్టేర్ కిటికీ వైపు తిరిగి, ఎవరితోనో కానట్టు మొదలుపెట్టాడు.

“ఆరు వారాల్లో పడవెక్కానని అందరూ నన్ను మెచ్చుకున్నారు. మొదటి రోజు ఆ యంత్రం తిరగడం మొదలుపెట్టగానే నాకు వాంతి అయింది. పట్టు తప్పి తాడు వదిలేశాను. పక్కవాడి ప్రాణం మీదికి వచ్చింది. కెప్టెన్ ఏమీ అనలేదు, నన్ను వంటగదిలోకి పంపించాడు. నాలుగు నెలలు అక్కడే ఉన్నాను. గుడ్లు వేయించి, గిన్నెలు కడిగాను. డెక్కు మీదికి రమ్మంటే కాళ్ళు వచ్చేవి కావు.”

“నాలుగు నెలలు వంటవాడివా?” నటేర్సియా నోరు తెరుచుకుని ఉండిపోయింది. “ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు ఒక్క గుడ్డు వేయించి పెట్టలేదు కదయ్యా నువ్వు!”

వావోకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. గ్వాల్టేర్ భార్య వైపు చూశాడు.

“నీకు చెబితే భయపడతావని చెప్పలేదు. అదీ అబద్ధమే. సిగ్గేసి చెప్పలేదు.” కూతురి వైపు తిరిగాడు. “నువ్వు అక్కడ తలుపేసుకుని కూర్చున్నదీ, నేను పడవ వంటగదిలో దాక్కున్నదీ ఒకే చలికాలం అన్నమాట. ఇద్దరం అమ్మకు బాగున్నామని చెబుతూనే ఉన్నాం.”

ఒడీలియా వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ మూడు వేళ్ళ చేతిని ముఖానికి ఆనించుకుంది. “తప్పు చేశాను నాన్నా.”

“చేశావు,” అన్నాడతను. “నువ్వు పరీక్ష తప్పినందుకు కాదు. ఆ కాగితంలో ఉన్న మనిషి నేను కాను. ఆ పిల్ల నువ్వూ కాదు. రేపు వాళ్ళు నీకు సీటిచ్చినా, ఎవరికిచ్చినట్టు?”

“ఇప్పుడేం చేయమంటావురా దాన్ని?” వావో అడ్డం వచ్చింది. “రేపు పొద్దున్నే ఇంటర్వ్యూ. వాళ్ళేమన్నా ఇక్కడికొచ్చి మంచం వెతుకుతారా? నోరు మూసుకుని వెళ్ళి రమ్మను.”

విచిత్రంగా, రెండు రోజులుగా కోపం దిగమింగుకున్న నటేర్సియా కూడా ఆ మాటే అంది. “చెప్పేస్తే రావద్దంటారేమో. ఉన్నది ఒక్క పిలుపు. ఇంకో ఏడాది అది తట్టుకోగలదా?” తెల్లచొక్కా తలుపుకు వేలాడుతోంది. ఆమె చూపు దానిమీదే ఉంది.

“నన్నడగకండి,” అన్నాడు గ్వాల్టేర్. “నేను చెప్పను. చదువుకున్నది అది. వెళ్ళేది అది.”

ఒడీలియా లేచి తన గదిలోకి వెళ్ళింది. కంప్యూటరు ముందు కూర్చుంటే వేళ్ళు కదలలేదు. అచ్చం ఆనాడు పరీక్షకు వెళ్ళలేక తలుపు దగ్గర నిలబడిపోయినట్టే ఉంది.  లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళి గది తలుపు బార్లా తెరిచింది. వంటింట్లో గిన్నెల చప్పుడు, నాన్న దగ్గు, వావో గొణుగుడు వినబడ్డాయి. వాటి మధ్య కూర్చుని రాసింది. నా దరఖాస్తులో నా తండ్రి గురించి రాసింది నిజం కాదు, అసలు జరిగింది ఇది, ఇంటర్వ్యూ రద్దు చేయదలిస్తే అర్థం చేసుకోగలను అని రాసింది. ఒక పేజీ కూడా నిండలేదు. నాలుగు గంటలకు పంపించేసింది.

పంపాక భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. చీకటిపడే దాకా జవాబు కోసం ఫోను చూస్తూనే ఉంది. జవాబు రాలేదు. రావద్దని కూడా అనలేదు.

మర్నాడు పొద్దున గ్వాల్టేర్ ఆమెను తన పాత ట్రక్కులో బోస్టన్ తీసుకెళ్ళాడు.  కాలేజీ ముందు దించి, “ఇక్కడే ఉంటాను,” అన్నాడు. “వాళ్ళు అయిదు నిమిషాల్లో పంపించేసినా ఇక్కడే ఉంటాను.”

ఇంటర్వ్యూ గదిలో డాక్టర్ బ్రెన్నన్ అనే పెద్దావిడ ఉంది. నెరిసిన జుట్టు, మెడలో వేలాడే కళ్ళజోడు. ఆవిడ ముందు ఒడీలియా పంపిన ఉత్తరం అచ్చు తీసి ఉంది. 

“ఇది ఎవరైనా రాయమన్నారా?” అంది డాక్టర్ బ్రెన్నన్.

“లేదండీ. మా ఇంట్లో ఇద్దరు వద్దన్నారు కూడా.”

ఆవిడ నవ్వలేదు. “పద్దెనిమిదేళ్ళప్పుడు భయపడ్డారు. సరే, చాలామంది భయపడతారు. కానీ ఈ అబద్ధం పద్దెనిమిదేళ్ళప్పుడు రాసింది కాదే. మొన్న సెప్టెంబరులో రాశారు. దానికేమంటారు?”

ఒడీలియా కుర్చీలో ముందుకు జరిగింది.

“నిరుడు ఒక రక్తం సీసాకు తప్పు పేరు చీటీ అంటించాను,” అంది. “పది నిమిషాలకు గుర్తొచ్చింది. లాబుకు పరిగెత్తి చెప్పాను. వాళ్ళు తిట్టారు. రోగికి మళ్ళీ రక్తం తీసి, క్షమాపణ చెప్పాను. అప్పుడు నాకు భయం వేసింది గానీ ఆలోచించలేదు, ఎందుకంటే అక్కడ ఇంకో మనిషి ప్రాణం ఉంది. ఇది నా గురించే కదా, ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. మా అమ్మ చదివాక తెలిసింది, నష్టం ఉందని. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదండీ.”

డాక్టర్ బ్రెన్నన్ ఆ ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టింది. తర్వాత మామూలు ప్రశ్నలు అడిగింది. గంట పట్టింది. గుమ్మం దాకా వచ్చి చెయ్యి కలిపింది. ఏమనుకుందో ఆవిడ ముఖంలో తెలియలేదు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. సీటు ఇవ్వలేమన్నారు. అడుగున డాక్టర్ బ్రెన్నన్ చేతిరాతతో నాలుగు ముక్కలున్నాయి: ‘ఈ ఏడాది మా కమిటీ ఒప్పుకోలేదు. వాళ్ళను తప్పుపట్టను. వచ్చే ఏడాది ఆ ఉత్తరంలో రాసిందే మొదటి పేజీలో రాయండి. మానకండి.’

ఒడీలియా అది చదివి గదిలోకి వెళ్ళి పడుకుంది. పరదాలు వేసుకుంది. మళ్ళీ ఆ పాత చీకటి వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించింది. అంతలో తలుపు కొట్టకుండానే అమ్మ లోపలికొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేపల వాసన.  బూట్లయినా విప్పకుండా మంచం మీద కూతురి పక్కన పడుకుని చెయ్యి వేసింది.

“నేను వద్దన్నాను కదా అని నాకే సిగ్గుగా ఉంది,” అంది నటేర్సియా. “నువ్వు చెప్పకుండా ఉంటే సీటొచ్చేదేమో. కానీ అప్పుడు నాకు రోజూ భయంగా ఉండేది, ఎప్పుడు బయటపడుతుందోనని. ఇప్పుడు సీటు లేదు గానీ ఆ భయం కూడా లేదే తల్లీ.”

“నాకింకా భయంగానే ఉందమ్మా.”

“ఉండనీ. నాతో చెబుతూ ఉండు. ఎన్నిసార్లయినా చెప్పు.”

ఆ వేసవిలో ఒడీలియా ఆసుపత్రి పని మానకుండానే ఇంకో రెండు కష్టమైన సబ్జెక్టులు చదివింది. ఒకదాని మొదటి పరీక్షలో అరవై రెండు వచ్చింది. ఆ సాయంత్రమే వంటింట్లో అందరి ముందూ చెప్పేసింది. “అరవై రెండా? నా జన్మలో అన్ని మార్కులు చూడలేదు,” అంది వావో. మర్నాడు ఒడీలియా వణుకుతూనే ప్రొఫెసరు గది తలుపు తట్టింది. చివరికి ఆ సబ్జెక్టులో కూడా ‘ఎ’ వచ్చింది. ఆగస్టు చివర్లో కొత్తగా దరఖాస్తులు పెట్టింది. మొదటి పేజీలో ఒక గది, వేసిన పరదాలు, తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగిన పద్దెనిమిదేళ్ళ పిల్ల, నిరుడు రాసిన అబద్ధం, అన్నీ ఉన్నాయి. పంపే ముందు బల్ల దగ్గర చదివి వినిపిస్తే నటేర్సియా మధ్యలో లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

ఈసారి మూడు పిలుపులు వచ్చాయి. మూడుచోట్లా నిరుటి అబద్ధం గురించిన అదే ప్రశ్న అడిగారు, మూడుచోట్లా అదే జవాబు చెప్పింది. ఒక్కచోట కూడా చేతులు వణకకుండా ఉండలేదు.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఉత్తరాన ఉన్న మెయిన్ రాష్ట్రంలోని కాలేజీ. వావో నిద్రపోతోంది, నటేర్సియా బజారుకు వెళ్ళింది. గ్వాల్టేర్ ఒక్కడే వంటింట్లో కూర్చుని తెగిన తాడు ముడివేస్తున్నాడు. ఒడీలియా ఫోను పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు.

“ఏమన్నారు? చెప్పు, పరవాలేదు,” అన్నాడతను తాడు వదిలేసి.

ఆమె చదివింది. ఆగస్టులో మొదలయ్యే తరగతిలో మీకు చోటిస్తున్నందుకు సంతోషిస్తున్నాం అని ఉంది.  గ్వాల్టేర్ నుదురు చిట్లించి, ఏదో చిక్కు విప్పుతున్నవాడిలా ఆలోచించాడు.

“వాళ్ళకు ఆ మూడు సెమిస్టర్ల సంగతి తెలుసా?”

“తెలుసు నాన్నా.”

“అయిదు సబ్జెక్టులూ? నువ్వు గదిలో కూర్చున్నదీ? నిరుడు నా గురించి అలా రాసిందీ?”

“అన్నీ. మొదటి పేజీలోనే రాశాను. ఎదురుగా కూర్చోబెట్టి కూడా అడిగారు.”

“అన్నీ తెలిసే రమ్మంటున్నారా?”

“అన్నీ తెలిసే.”

గ్వాల్టేర్ కుర్చీలోంచి లేవబోయి లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. తుఫానులో రెండు రోజులు చుక్కాని వదలని మనిషి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఒడీలియా వచ్చి అతని తల మీద చెయ్యి వేసింది. మెట్ల మీద అమ్మ అడుగుల చప్పుడు వినబడుతోంది.

“ఇంకోసారి చదువు,” అన్నాడు తండ్రి, కళ్ళు తుడుచుకుంటూ. “మీ అమ్మను రానీ. ఈసారి మెల్లగా చదువు.”